పెడల్ హార్ప్ ఎలా పుట్టింది, వందేళ్ల నాటిది దొరికితే కొనొచ్చా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ అమ్మాయి స్కూల్లో హార్ప్ (నిలబెట్టి, రెండు చేతులా తీగలు మీటే వాయిద్యం) చూసి నేర్చుకుంటానంటోంది, ఆ పెడళ్లున్న పెద్ద హార్ప్‌ని అసలు ఎవరు ఎలా తయారుచేశారు అన్నది మొదటిది. వందేళ్ల నాటి హార్ప్ ఒకటి తక్కువ ధరకి వస్తోంది, తీసుకోవచ్చా అన్నది రెండోది. నా దృష్టిలో ఇవి విడివిడి ప్రశ్నలు కావండి. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోదానికి జవాబు మీకే తట్టేస్తుంది. అది తెలియక మేము ఒక తప్పు బేరం చేశాం. అందుకే వివరంగా రాస్తున్నాను.

మేము షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో ఏట చిన్న లీవర్ హార్ప్‌తో (పెడళ్లుండవు, మీటలు చేత్తో తిప్పాలి) మొదలుపెట్టి, ఇప్పుడు కాలేజీ ఆర్కెస్ట్రాలో పెడల్ హార్ప్ వాయిస్తోంది. నాకు వాయించడం రాదు. కానీ పదేళ్లుగా దాన్ని మోసి, తెగిన తీగలు మార్చి, బాగుచేసేవాళ్ల పక్కనే నిలబడి చూసి తెలుసుకున్నది చాలానే ఉంది.

ముందు అసలు చిక్కేమిటో చెప్తాను. మన వీణలో ఒకే తీగ మీద మెట్టు మారిస్తే స్వరం మారుతుంది. హార్ప్‌లో మెట్లు లేవు, ఒక్కో తీగకి ఒక్కటే స్వరం. స్థాయికి ఏడు తీగలు, అంతే. (ఇలాంటి వాయిద్యం మనకీ ఒకప్పుడు ఉండేది. అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన వీణ పట్టుకున్నవాళ్లని చూడండి, అది హార్ప్ జాతిదే.) రి అనే తీగని చతుశ్రుతి రిషభానికి శ్రుతి చేశాక మధ్యలో శుద్ధ రిషభం కావాలంటే ఏం చెయ్యాలి? పాట ఆపి తీగ సడలించాలి. యూరప్‌లో సంగీతం ఒక ఆధార శ్రుతి నుంచి ఇంకోదానికి గబగబా మారడం మొదలయ్యేసరికి హార్ప్ వెనకబడిపోయింది.

ఆస్ట్రియా, ఇటలీ మధ్య ఉన్న టిరోల్ కొండప్రాంతంలో పదిహేడో శతాబ్దం చివర ఒక ఉపాయం కనిపెట్టారు. హార్ప్ పైన తీగలు చుట్టే వంపు భాగాన్ని మెడ అంటారు. ఆ మెడకి, ఒక్కో తీగ పక్కన, చిన్న ఇనుప కొక్కెం బిగించారు. కొక్కెం తిప్పితే అది తీగని నొక్కి, మోగే పొడవు కాస్త తగ్గించి, స్వరాన్ని అరమెట్టు పెంచుతుంది. బాగానే ఉంది కానీ తిప్పడానికి ఒక చెయ్యి కావాలి. హార్ప్ రెండు చేతుల వాయిద్యం. చెయ్యి కొక్కెం మీదకి వెళ్తే సగం సంగీతం ఆగిపోతుంది.

ఆ పని కాళ్లకి అప్పగించిన మనిషి యాకోబ్ హోఖ్‌బ్రుకర్. జర్మనీలో బవేరియా ప్రాంతపు డోనావర్త్ ఊళ్లో వాయిద్యాలు చేసేవాడు. 1720 ప్రాంతంలో ఆయన చేసిన హార్ప్‌లో కింద పెడళ్లున్నాయి. పెడల్ తొక్కితే, ముందున్న బోలు స్తంభంలోంచి పైకి వెళ్లే కడ్డీ, మెడలో దాచిన కొక్కేల్ని కదుపుతుంది. ఇక్కడే నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. సి పెడల్ (పాశ్చాత్యులు ఏడు స్వరాల్ని సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అంటారు) తొక్కితే ఒక్క సి తీగ కాదు, కింద నుంచి పైదాకా ఉన్న సి తీగలన్నీ ఒకేసారి మారతాయి. స్వరానికి ఒకటి చొప్పున పెడళ్లు చివరికి ఏడయ్యాయి. ఈ రోజుకీ ఏడే.

ఆ కొక్కెంలో ఒక లోపం ఉంది. అది తీగని మెడ వైపు లోపలికి లాగుతుంది. లాగిన తీగ మిగతా తీగల వరస తప్పుతుంది. వేలు ఒకచోట వెతికితే తీగ ఇంకోచోట ఉంటుంది. మోత కూడా కాస్త కరుకుగా వస్తుంది. తర్వాతి డెబ్భై ఏళ్లూ హార్ప్ చేసేవాళ్లు కుస్తీ పట్టింది ప్రధానంగా ఈ ఒక్కదానితోనే: తీగని పక్కకి లాగకుండా పొట్టి చెయ్యడం ఎలా?

ఆ కుస్తీకి వేదిక పారిస్ అయింది. 1770లో ఫ్రాన్స్ రాజకుటుంబంలోకి కోడలిగా వచ్చిన మేరీ ఆంత్వానెత్ హార్ప్ వాయించేది. రాజభవనంలో ఏది ఉంటే అది గొప్పింటి ఆడపిల్లలకి కావాలి కదా. పారిస్ వర్క్‌షాపులకి చేతినిండా పని దొరికింది. జాఁ ఆన్రీ నాదర్మాన్ ఆమెకి హార్ప్‌లు చేసిన మనిషి. పూలు, పక్షులు, సంగీత వాయిద్యాల బొమ్మలు గీసిన ఆ కాలపు హార్ప్‌లు మ్యూజియాల్లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ లోపలి యంత్రం మాత్రం ఆ పాత కొక్కేలే. జార్జ్ కూసినో, ఆయన కొడుకు కలిసి కొక్కెం తీసేసి, తీగకి అటొకటి ఇటొకటి రెండు చిన్న ఊతకర్రల్లాంటివి పెట్టారు. పెడల్ తొక్కితే రెండూ తిరిగి తీగని మధ్యలో పట్టుకుంటాయి. దారి సరైనదే, కాని పట్టు చాలేది కాదు. అన్ని స్వరస్థానాలూ దొరకాలని 1782లో వాళ్లే 14 పెడళ్ల హార్ప్ కూడా చేశారు. రెండు వరసల పెడళ్ల మీద కాళ్లు నడపడం ఎవరి తరమూ కాలేదు, అది నిలవలేదు.

ఇక సెబాస్తియన్ ఎరార్. ఈ కథలో నేను ఆగి దణ్ణం పెట్టేది ఈయనకే. 1752లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టాడు, కుర్రతనంలోనే పారిస్ వచ్చి పియానోలు చేసి పేరు తెచ్చుకున్నాడు. రాజుగారి ఆదరణ ఉన్నవాడు కాబట్టి విప్లవం వచ్చినప్పుడు 1792లో లండన్ వెళ్లిపోయాడు. అక్కడ 1794లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. కొక్కెం లేదు, ఊతకర్రలు లేవు. ఒక చిన్న ఇత్తడి బిళ్ల, దాని మీద రెండు మొనలు. తీగ ఆ రెండు మొనల మధ్యలోంచి, దేన్నీ తాకకుండా వెళ్తుంది. పెడల్ తొక్కితే బిళ్ల తిరుగుతుంది, మొనలు తీగని అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి కరిచి పట్టుకుంటాయి. తీగ తన వరసలోనే ఉంటుంది, పొడవు మాత్రం తగ్గుతుంది. ఈ యంత్రాన్నంతా చెక్కలో ఇరికించకుండా రెండు ఇత్తడి పలకల మధ్య బిగించి ఆ పలకల్నే మెడకి తగిలించాడు.

అప్పటిదాకా ఉన్న హార్ప్‌లన్నీ ఒక్క మెట్టువే. అంటే ఒక్కో తీగకి రెండే స్వరాలు, పెడల్ పైన ఉంటే ఒకటి, తొక్కితే ఇంకొకటి. అందుకని కొన్ని ఆధార శ్రుతుల్లో వాయించడం కుదిరేది కాదు. 1810లో ఎరార్ పేటెంట్ తీసుకున్న హార్ప్ ఆ హద్దు చెరిపేసింది. ఒక్కో తీగకి ఒకటి కాదు, కిందా మీదా రెండు బిళ్లలు. పెడల్‌కి మూడు గాళ్లు. పెడల్ పై గాడిలో ఉంటే తీగ పూర్తి పొడవుతో మోగుతుంది, అది ఫ్లాట్, అంటే మామూలు స్వరం కంటే అరమెట్టు తక్కువ. మధ్య గాడిలోకి తెస్తే పై బిళ్ల పట్టుకుంటుంది, అది నేచురల్, మామూలు స్వరం. కింది గాడిలోకి తొక్కితే రెండో బిళ్ల కూడా పట్టుకుంటుంది, అది షార్ప్, అరమెట్టు ఎక్కువ. అందుకే ఈ హార్ప్‌ని అన్ని తీగలూ ఫ్లాట్‌లో ఉండేలా శ్రుతి చేస్తారు. ఏడు పెడళ్లు, ఒక్కోదానికి మూడు స్థానాలు, లెక్క వేస్తే 2187 రకాలుగా అమర్చుకోవచ్చు. పాత ఒక్క మెట్టు హార్ప్‌లో ఆ లెక్క 128 దగ్గరే ఆగిపోతుంది.

రెండువందల ఏళ్లు దాటింది. ఈ రోజు మీ అమ్మాయి స్కూల్లో చూసిన హార్ప్ మూపు మీద చెయ్యి వేసి పైకి చూడండి, ఆ ఇత్తడి బిళ్లలే కనిపిస్తాయి. లోహాలు మెరుగయ్యాయి, బేరింగులు మారాయి, ఆలోచన మాత్రం ఎరార్‌దే.

ఇది కాగితం మీద కంటే చూస్తేనే బాగా అర్థమవుతుంది. మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. మనవరాలు హార్ప్ ముందు కూర్చుంటే, "ఇందులో సరళీ వరసలు వస్తాయా తల్లీ?" అని అడిగింది. మా అమ్మాయి "రాగం ఏంటి అమ్మమ్మా?" అంది. మాయామాళవగౌళ. ఇద్దరూ కలిసి స్వరస్థానాలు లెక్కపెట్టారు. సి తీగ షడ్జం అనుకుంటే రి, ధ రెండూ శుద్ధం, అంటే డి, ఎ ఫ్లాట్. మిగతావన్నీ నేచురల్. పెడళ్లు ఎడమ కాలి కింద డి, సి, బి, కుడి కాలి కింద ఇ, ఎఫ్, జి, ఎ వరసలో ఉంటాయి. కాబట్టి డి ఆ చివర, ఎ ఈ చివర. అన్నీ మధ్య గాడిలో పెట్టి, ఈ రెండు చివరి పెడళ్లూ పైకి వదిలింది. టక్, టక్. ఇక తప్పు తీగ అన్నదే లేదు, ఆరున్నర స్థాయిల మీద వేళ్లు ఎలా జార్చినా మాయామాళవగౌళే పలుకుతుంది. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని బిళ్లల వంక చూస్తూ, "మెట్లన్నీ ఒకేసారి జరిపేశారే" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. కల్యాణి కావాలంటే అన్నీ నేచురల్‌లో ఉంచి ఎఫ్ పెడల్ ఒక్కటీ కిందకి తొక్కితే చాలు. శుద్ధ గాంధారం మాత్రం సి షడ్జంతో దొరకదు, ఇ తీగ అంత కిందకి దిగదు. షడ్జాన్ని సి షార్ప్‌కి మార్చుకుంటే శుద్ధ గాంధారమున్న కనకాంగి రాగం కూడా వచ్చింది. గమకం రాదు. తీగని లాగే వీలు హార్ప్‌లో లేదు, ఆ లోటు అమ్మకి మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

ఎరార్ 1831లో పోయాక ఆయన అన్న కొడుకు పియర్ ఎరార్ కంపెనీని నడిపాడు. తీగలు పెంచి, ఒళ్లు పెద్దది చేసి, పెద్ద ఆర్కెస్ట్రాలో వినిపించేలా గోథిక్ శైలి నమూనా తెచ్చాడు. లండన్ శాఖ అమ్మిన హార్ప్‌ల నంబర్లు, కొన్నవాళ్ల పేర్లు రాసుకున్న ఖాతా పుస్తకాలు అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో భద్రంగా ఉన్నాయి. మీకు ఎప్పుడైనా పాత ఎరార్ ఎదురైతే మెడ మీది ఇత్తడి పలక చూడండి, నంబరు చెక్కి ఉంటుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర ఒక్కసారే ఎరార్ పద్ధతికి గట్టి పోటీ వచ్చింది. పారిస్‌లో పియానోలు చేసే ప్లేయెల్ కంపెనీలో గుస్తావ్ లియోన్ పెడళ్లే లేని హార్ప్ తయారుచేశాడు. పియానోలో తెల్ల మెట్లూ నల్ల మెట్లూ ఉన్నట్టు రెండు వరసల తీగలు, అవి మధ్యలో ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. దాని సత్తా చూపించడానికి ప్లేయెల్ వాళ్లు ఫ్రెంచ్ స్వరకర్త దెబుసీ చేత 1904లో రెండు నాట్యాల రచన రాయించారు. ఎరార్ వాళ్లు ఊరుకోలేదు, మరుసటి ఏడు ఇంకో ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ చేత పెడల్ హార్ప్ కోసం ఇంకోటి రాయించారు. కంపెనీల పోటీలో పుట్టిన ఆ రెండు రచనలూ ఇప్పటికీ హార్ప్ నేర్చుకునే ప్రతివాళ్ల దగ్గరా ఉంటాయి. దెబుసీది కూడా ఇప్పుడు పెడల్ హార్ప్ మీదే వాయిస్తారు. ప్లేయెల్ హార్ప్ మ్యూజియానికి చేరింది.

ఆ తర్వాత కథ మా ఊరి వైపుకి మళ్లుతుంది. జార్జ్ లయన్, పాట్రిక్ హీలీ 1864లో షికాగోలో సంగీత దుకాణం పెట్టారు. 1871 నాటి పెద్ద అగ్నిప్రమాదంలో దుకాణం కాలిపోయినా మళ్లీ నిలబెట్టారు. యూరప్ నుంచి వచ్చిన హార్ప్‌లకి ఇక్కడి వాతావరణం పడేది కాదు. చలికాలం హీటర్ల వేడికి చెక్క ఎండిపోతుంది, ఎండాకాలం తేమకి ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి. ఇక్కడి చలికీ ఎండకీ తట్టుకునే హార్ప్ మనమే చెయ్యాలని హీలీ పట్టుబట్టాడు. మొదటి లయన్ అండ్ హీలీ హార్ప్ 1889లో వచ్చింది. ఒకప్పుడు గిటార్లు, మాండొలిన్లు కూడా చేసిన ఆ కంపెనీ ఇప్పుడు హార్ప్‌లే చేస్తోంది.

ఓగ్డెన్ అవెన్యూలో ఉన్న వాళ్ల ఫ్యాక్టరీకి మా అమ్మాయితో వెళ్లాను. బయట నుంచి పాత ఇటుక గోదాములా ఉంటుంది. లోపల మేపుల్ చెక్క వాసన. ఒక బల్ల దగ్గర ఒకాయన స్తంభం తలకట్టు మీద ఆకులు ఉలితో చెక్కుతున్నాడు. ఇంకోచోట ఒకావిడ బంగారు రేకు అద్దుతోంది. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చటి రేకు. కుంచెని చెంపకి ఒకసారి రాసుకుంటుంది, చర్మం మీది కొద్దిపాటి జిడ్డు కుంచెకి అంటుతుంది, దానికి రేకు అతుక్కుంటుంది, మెల్లగా చెక్క మీదకి దించుతుంది. చెంప, రేకు, చెక్క. మేము పావుగంట అక్కడే నిలబడిపోయాం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్క తొలిచి వీణ చేసేవాళ్లు గుర్తొచ్చారు నాకు. యంత్రాలు ఎన్ని వచ్చినా చేతికి వదిలేసే పనులు కొన్ని ఉంటాయి.

ఇప్పటి మిగతా పేర్లు చూస్తే, విక్టర్ సాల్వీ 1920లో షికాగోలోనే పుట్టాడు. న్యూయార్క్‌లో పెద్ద ఆర్కెస్ట్రాల్లో హార్ప్ వాయిస్తూ, తయారీ మీద మనసు పడి, ఇటలీ వెళ్లి ఫ్యాక్టరీ పెట్టాడు. పీడ్‌మాంట్‌లోని పియాస్కో ఊళ్లో ఆ ఫ్యాక్టరీతో పాటు హార్ప్ మ్యూజియం కూడా ఉంది. 1987లో లయన్ అండ్ హీలీ కూడా సాల్వీ చేతికి వచ్చింది. ఫ్రాన్స్‌లో కమాక్ ఉంది, జొయెల్ గార్నియే నిలబెట్టిన కంపెనీ, కరెంటు హార్ప్‌లకి వాళ్లే పేరు. జపాన్‌లో అయోయామా.

ఇక మీ రెండో ప్రశ్న, మా బేరం సంగతి.

మా అమ్మాయి పెడల్ హార్ప్‌కి మారే సమయానికి కొత్తదాని ధర చూసి మావారికీ నాకూ టెన్షన్ పట్టుకుంది. ఒక మంచి కారు ధర అది. పక్క రాష్ట్రంలో ఒకరింట్లో 1920ల నాటి హార్ప్ మూడో వంతు ధరకి ఉందని తెలిసి వ్యాన్ తీసుకుని వెళ్లాం. బంగారు పూత స్తంభం, నగిషీలు, మెరుపు. రెండు మూడు తీగలు మీటి చూస్తే గంటలా మోగాయి. వయొలిన్ పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందని విన్నాం, ఇదీ అంతే అనుకున్నాం. తెచ్చేశాం.

హార్ప్ వయొలిన్ లాంటిది కాదు. 47 తీగలు కలిపి లాగే బిగువు దాదాపు 900 కిలోలు. మొత్తం వాయిద్యం బరువేమో 40 కిలోల అటూ ఇటూ. ఆ బిగువు పగలూ రాత్రీ ఆగదు. తీగలు కింద మోతనిచ్చే పల్చటి స్ప్రూస్ చెక్క పలకని పైకి లాగుతూనే ఉంటాయి. పైన మెడకి తీగలన్నీ ఎడమ పక్కనే తగిలించి ఉంటాయి కాబట్టి మెడ అటు మెలి తిరుగుతూ ఉంటుంది. పలక కొంచెం ఉబ్బితే మంచిదే, మోత తెరుచుకుంటుంది. అక్కడితో ఆగదు కదా. కొన్ని దశాబ్దాలకి ప్రతి హార్ప్‌కీ ఏదో ఒక భాగం మార్చే రోజు వస్తుంది.

హార్ప్ మెకానిక్ వచ్చినప్పుడు ఆయన ఒక్క తీగ కూడా మీటలేదు. ముందు హార్ప్ వెనక్కి వెళ్లి, మూపు మీద నుంచి ఒక కన్ను మూసి మెడ వెంట చూశాడు. నన్నూ చూడమన్నాడు. వడ్రంగి చెక్క వంకర చూసినట్టు చూస్తే, నాకే తెలిసిపోయింది, మెడ ఎడమకి ఒరిగింది. తర్వాత స్టీలు స్కేలు తీసి పలక మీద అడ్డంగా పెట్టాడు. మధ్యలో ఆనింది, రెండు చివర్లా నా వేలు దూరేంత సందు. చివరికి టార్చ్ వేసి అడుగున పెట్టె అతుకు చూపించాడు. పాత జిగురు విడిపోయి గీతలా నల్లగా కనిపించింది. అప్పుడు జి పెడల్ షార్ప్‌లోకి తొక్కాడు. మెడ ఒరగడం వల్ల తీగ రెండు మొనల మధ్యన లేదు, ఒక మొనకే రాసుకుంటూ జుయ్‌మంది. ఎరార్ అంత ఆలోచించి తీగని వరస తప్పకుండా నిలబెట్టింది ఎందుకో ఆ క్షణంలో అర్థమైంది నాకు. మెడ, పలక రెండూ కొత్తవి వెయ్యాలన్నాడు. లెక్క వేస్తే, కొన్నదానితో కలిపి, వారంటీ ఉన్న సెకండ్ హ్యాండ్ హార్ప్ ధర దాటిపోయింది. మా అమ్మాయి ఆ రాత్రి దానికి దుప్పటి కప్పి ఏడ్చింది. అమ్మినవాళ్లకి కూడా ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

కాబట్టి నా సలహా ఇది. మొదట లీవర్ హార్ప్ అద్దెకి తీసుకోండి, ఒక ఏడాది చూడండి. పెడల్ హార్ప్ దాకా వస్తే ఇప్పటికీ నడుస్తున్న కంపెనీది తీసుకోండి, విడిభాగాలు, రిపేరు చేసేవాళ్లు దొరుకుతారు. సెకండ్ హ్యాండ్ అయితే నంబరు అడిగి కంపెనీకి రాస్తే ఎప్పుడు చేశారో చెప్తారు. చివరిసారి రెగ్యులేషన్ ఎప్పుడు చేయించారని తప్పకుండా అడగండి. వీణకి మైనం కరిగించి మెట్లు మళ్లీ కూర్చినట్టే, దీనికి ఏడాదికోసారి ప్రతి బిళ్లనీ సరిచూసి స్వరాలు కుదర్చాలి. కంపెనీల మెకానిక్‌లు ఊరూరా తిరుగుతారు, మీ దగ్గరి పెద్ద ఊరికి ఎప్పుడొస్తారో కనుక్కుని, ఆయన చూశాకే డబ్బు ఇవ్వండి. ఆ ఫీజు దగ్గర వెనకాడకండి. నగిషీ, బంగారం, మోత ఇవేవీ చూడొద్దు. మెడ, పలక, అడుగు అతుకు చూడండి.

వందేళ్ల నాటిది మాత్రం, మెడా పలకా మార్చినట్టు రసీదు చూపిస్తే తప్ప, వద్దనే అంటాను.

ఇంకొక్క మాట, ఏది కొన్నా పనికొస్తుంది. వాయించడం అయిపోయాక ఏడు పెడళ్లూ పై గాడిలోకి వదిలి లేవమని మీ అమ్మాయికి మొదటి రోజే అలవాటు చెయ్యండి. తీగలకీ స్ప్రింగులకీ కాస్త విశ్రాంతి. చలికాలం గదిలో హ్యుమిడిఫయర్ పెట్టండి, లేకపోతే అర్ధరాత్రి పేగు తీగ తుపాకీ పేలినట్టు తెగి ఇల్లంతా లేస్తుంది. ఎర్రటివి సి తీగలు, నల్లటివి ఎఫ్ తీగలు, రెండు రకాలవీ ఒక్కో జత అదనంగా ఇంట్లో ఉంచుకోండి.